బండిలో ఇల్లా, ఇంటికి బండా?

మా అమ్మాయీ అల్లుడూ పోట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఒకవేళ చెవిన పడినా పడలేదనుకునే వయసు నాది. కాని క్రిందటి వేసవిలో ఇంగ్లండు వెళ్ళినప్పుడు మాత్రం వినక తప్పలేదు. లండనుకి పడమరగా ఉన్న రెడింగ్ ఊళ్ళో వాళ్ళ ఇల్లు. గోడలు పలచన. పైగా వాళ్ళు పోట్లాడుకుంటున్నది డబ్బు గురించి కాదు, అత్తగారి గురించి కాదు, పిల్ల చదువు గురించి కాదు. ఒక బండి గురించి!

ఆ దేశంలో సెలవలొస్తే ఇంటిని వెంట తీసుకుపోయే అలవాటు ఒకటుంది. మంచం, పొయ్యి, కుళాయి, మరుగుదొడ్డి అన్నీ బండిలోనే. ఎక్కడ పొద్దుపోతే అక్కడ దానికోసం ఏర్పాటు చేసిన స్థలంలో ఆపుకుని, వండుకు తిని, పడుకుని, తెల్లారి మళ్ళీ బయల్దేరడమే. అటువంటి బండి ఒకటి కొనాలని ఇద్దరికీ సరదా పుట్టింది. సరదా వరకు ఇద్దరిదీ ఒకే మాట. ఏ బండి అన్న దగ్గర వచ్చింది పేచీ.

ఈ బండ్లు ముఖ్యంగా రెండు రకాలట. మొదటిది ప్యానెల్ వ్యాను. మన ఊళ్ళలో సరుకులు మోసే రేకు వ్యాను లాంటిదే, కాస్త పెద్దది. ఆ రేకు పెట్టె లోపలే మంచమూ, బీరువాలూ, వంట గట్టూ అమర్చేస్తారు. రెండోది కోచ్‌బిల్ట్. ఇందులో ముందు డ్రైవరు కూచునే భాగమూ, క్రింద చట్రమూ మాత్రం ఉంచి, దాని మీద వేరే పలకలతో గోడలు నిలబెట్టి, పైకప్పు వేసి, అచ్చంగా ఒక గది కడతారు. తమాషా ఏమిటంటే, రెండింటికీ అడుగున ఉండేది చాలాసార్లు ఒకే బండి. 1981 నుంచీ ఇటలీలో తయారవుతున్న ఫియట్ డుకాటో.

నాకు అర్థమయ్యేట్టు చెప్పుకోవాలంటే, మొదటిది బండిలో ఇల్లు, రెండోది ఇంటికి బండి.

అల్లుడిది బండిలో ఇల్లు పక్షం. అమ్మాయిది ఇంటికి బండి పక్షం.

తేడా ఎంతో చూద్దామని కూరగాయల చీటీ వెనక నేనే లెక్క వేశాను. డుకాటో వ్యాను వెడల్పు, పక్క అద్దాలు కాక, 2.05 మీటర్లు. మేము చూసిన కోచ్‌బిల్ట్ వెడల్పు 2.30 మీటర్లు. అంటే పాతిక సెంటీమీటర్లు. నా చెయ్యి చాపి కొలిస్తే సరిగ్గా జానెడు, ఓ వేలు ఎక్కువ! జానెడు పొట్ట కోసం కోటి విద్యలని మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను గాని, జానెడు వెడల్పు కోసం మొగుడూ పెళ్ళాలు మూడు రోజులు ముభావంగా ఉండటం అప్పుడే చూశాను.

మొదట నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత, చెప్పొద్దూ, కాస్త కోపం కూడా వచ్చింది. కడుపు నిండినవాళ్ళ కష్టాలనుకున్నాను. ఉండటానికి ఒక ఇల్లుండగా, ఊరికే తిరగడానికి ఇంకో ఇల్లేమిటి, అందులో మళ్ళీ చిన్నదా పెద్దదా అన్న తగువేమిటి!

కాని ఆలోచించిన కొద్దీ ఇది మనకు తెలియని తగువేం కాదనిపించింది. మనిషికి ఎంత చోటు కావాలి? ఇది ప్రతి ఇంట్లోనూ, స్థలం కొన్న రోజు నుంచి గృహప్రవేశం దాకా, ఆ మాటకొస్తే ఆ తర్వాత కూడా, నడిచే తగువే. ఇంకో గది వేద్దామని ఒకరంటారు. ఎందుకూ, ఎవరున్నారూ అని ఇంకొకరంటారు. చక్రాలున్నంత మాత్రాన ప్రశ్న మారుతుందా?

ఈ సరదా కొత్తది కూడా కాదు. విహారం కోసమే ఇంటిబండి కట్టించుకున్నవాళ్ళలో మొదటివాడని చెప్పుకునే గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు డాక్టరు, రెడింగ్‌కి నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న ట్వైఫర్డ్‌లోనే ఉండేవాడట. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, తర్వాత పిల్లలకు కథలు రాసుకుంటూ బ్రతికినవాడు. 1885లో 'వాండరర్' అని పేరు పెట్టి రెండు టన్నుల బండి కట్టించుకున్నాడు. రెండు గుర్రాలు లాగాలి. అంత బండి ఇరుకు దారుల్లో పడితే ఎదుటివాళ్ళకు ఇబ్బంది కదా, అందుకని ఒక నౌకరు మూడు చక్రాల సైకిలెక్కి ముందు పోతూ దారి చూసేవాడు. దొరగారు దేశ సంచారం చేసి పుస్తకం రాశారు. ఆ సైకిలు తొక్కిన నౌకరు రాసి ఉంటే ఏం రాసేవాడో అని నాకొక అనుమానం. పెద్ద ఇంటి సుఖం అనుభవించేవాళ్ళొకరు, దానికి దారి చేసేవాళ్ళొకరు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఓ ఆదివారం బండ్లు అమ్మే చోటికి నన్నూ తీసుకెళ్ళారు. అక్కడ నాకు తెలిసిన గొప్ప సంగతి ఏమిటంటే, ఆ దేశపు చట్టం కోరికకు కూడా ఒక బరువు కట్టింది. 1997 జనవరి 1 తర్వాత కారు పరీక్ష పాసైనవాళ్ళు ఆ లైసెన్సుతో నడపగలిగే డీజిలు బండి, సామానూ మనుషులూ అన్నీ కలిపి, 3,500 కిలోలు దాటకూడదు. మా అల్లుడు ఆ తర్వాతవాడే. కోచ్‌బిల్ట్‌లో గోడలూ కప్పూ అమర్చేసరికే ఆ బరువులో చాలా భాగం అయిపోతుంది. మేము చూసిన ఒక బండి కాగితాల్లో, డ్రైవరుకు 75 కిలోలు కలుపుకుని 3,060 అని ఉంది. ఇక మిగిలింది 440. మిగతా ప్రయాణికులకు కూడా మనిషికి 75 కిలోల చొప్పున తీసేయాలి. అమ్మాయి, మనవరాలు, నేను, ముగ్గురికి 225. చివరికి బట్టలకూ బియ్యానికీ కుర్చీలకూ సైకిళ్ళకూ మిగిలేది 215 కిలోలు.

నా అసలు బరువు 61. వాళ్ళ కాగితాల్లో నాకు 14 కిలోలు ఉదారంగా ఎక్కువే ఇచ్చారు. అయినా నన్నొక సరుకుగా లెక్కవేసి చూపించడం అదే మొదటిసారి. నేనెక్కితే రెండు సైకిళ్ళూ, ఒక పందిరి గుడారమూ దిగాలన్నమాట! నవ్వుతూనే విన్నాను గాని, మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది.

చిన్నది గనక వ్యాను చవకేమో అని అడిగాను. కాదట. రేకు పెట్టె వంపుల్లో చెక్కపని ఇమడ్చటం కష్టం, అందుకని ఇంచుమించు అంతే పడుతుందన్నారు. తక్కువతో బ్రతకడం కూడా ఒక్కోసారి ఖరీదైన వ్యవహారమే.

ఆ రాత్రే నేను వినకూడని మాట విన్నాను.

"అమ్మొస్తే ఎక్కడ పడుకుంటుంది? ఆ బల్ల మీదా?" అంటోంది అమ్మాయి.

"అత్తయ్యగారు రెండేళ్ళకోసారి వస్తారు. వచ్చినా మనతో ఓ వారం తిరుగుతారు. ఆ వారం కోసం మిగతా రోజులన్నీ అంత బండి ఈడ్చుకు తిరగాలా?"

అంతే. ఆయన మాటలో వెటకారం లేదు, విసుగైనా లేదు. లెక్క చెప్పాడు. లెక్క తప్పు కూడా కాదు. అయినా నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. జానెడు వెడల్పు కోసం పోట్లాట అనుకున్నాను. ఆ జానెడూ నేనే!

తెల్లారి లేచి, "మీకు నచ్చింది కొనుక్కోండి, నేను ఎక్కనూ పెట్టనూ" అనేశాను. మన ఆడవాళ్ళకు ఇదొక ఆయుధం. చోటు అడగకుండా, అక్కరలేదంటూ ఇల్లంతా ఆక్రమించుకోవడం! అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అల్లుడు కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆయనే అన్నాడు, "రెండు రకాలూ అద్దెకు దొరుకుతాయండీ. చెరో నాలుగు రోజులు తెచ్చి చూద్దాం. అత్తయ్యగారు కూడా రావాలి. అప్పుడు మాట్లాడుకుందాం."

మొదట తెచ్చింది కోచ్‌బిల్ట్. డెవన్ జిల్లాలోని డార్ట్‌మూర్ వైపు వెళ్ళాం. లోపల ఎంత బాగుందో చెప్పలేను. వెనకాల నాకూ మనవరాలికీ అమర్చి ఉన్న మంచం. తలుపున్న స్నానాల గది. డ్రైవరు తలపైన అటకలాంటి చోట వాళ్ళిద్దరి పడక. రెండో రోజంతా వాన. వేడినీళ్ళున్నాయి, కూచోడానికి చోటుంది. ఒక మూల నా జపం, ఒక మూల పిల్ల బొమ్మలు, ఒక మూల అమ్మాయి పుస్తకం. ఎవరి మూల వాళ్ళకుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ వానలో అది నిజంగా ఇల్లే.

కాని మర్నాడు వాన వెలిసి ఊళ్ళు చూద్దామని బయల్దేరితే కథ మారింది. అక్కడి పల్లెదారులు రెండు వైపులా రాతిగట్లూ, వాటి మీద పొదలూ. ఎదురుగా ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరతను చేతులు కట్టుకు కూచున్నాడు. మేమే వెనక్కి పోవాలి. అమ్మాయి దిగి వెనక నిలబడి, "ఎడమకి, ఇంకా, ఇంకా, ఆగు!" అంటూ చెయ్యి ఊపుతుంటే, అల్లుడు అద్దంలో ఆమెనే చూస్తూ అంగుళం అంగుళం వెనక్కి నడిపాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన ఆమె మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలనుకుంటాను. స్టేబుల్స్ దొరగారి సైకిలు నౌకరు నాకు అక్కడే గుర్తొచ్చాడు. ఆ తర్వాత చూడాలనుకున్న ఊళ్ళోకి ఇక వెళ్ళలేదు. దారి ఇరుకు, ఆపుకునే చోటు ఉండదని భయం. లోపల చోటు పెరిగిన కొద్దీ బయట లోకం చిన్నదవుతుంది కాబోలు అనుకున్నాను.

రెండు వారాల తర్వాత వ్యాను తెచ్చారు. ఈసారి వేల్సులోని పెంబ్రోక్‌షైర్ సముద్రతీరం. పొడవు ఆరు మీటర్లకు ఒక సెంటీమీటరు తక్కువ. దారిలో ఎక్కడా ఎవరూ దిగి చెయ్యి ఊపనక్కరలేకపోయింది. ఊళ్ళోకి వెళ్ళాం, రొట్టె కొన్నాం, సముద్రం ఎదురుగా ఆపుకుని టీ కాచుకున్నాం. పక్క తలుపు బర్రున జరిపితే చాలు, సముద్రం వంటింట్లోకి వచ్చేది. మనవరాలు ఆనందం పట్టలేక గెంతింది. గెంతితే తల బీరువాకు తగిలింది. అంతే చోటు మరి.

అసలు సంగతి రాత్రి తెలిసింది. పైకప్పు ఎత్తితే వచ్చే గుడారంలాంటి పడకలో పిల్ల. వెనకాల అడ్డంగా ఉన్న మంచం మీద వాళ్ళిద్దరూ. అల్లుడు ఆరడుగుల మనిషి గనక మూలగా ముడుచుకోవాలి. ముందు బల్ల తీసేసి, ఒక పలక పరిచి, దిండ్లు సర్దితే నా పడక. రోజూ రాత్రి పరచాలి, రోజూ పొద్దున తీయాలి. పప్పు డబ్బా కావాలంటే దాని ముందున్న ఏడు వస్తువులు కదపాలి. తక్కువలో ఎంత హాయి ఉందో అని పాఠాలు చెప్పే మహానుభావుల్లో ఎందరు ఆ ఏడు వస్తువులూ స్వయంగా కదిపారో నాకు తెలియదు. ఉమ్మడి కుటుంబంలో రెండు గదుల్లో పదకొండు మందిమి ఎంత సుఖంగా ఉన్నామో అని మా మామగారు జీవితాంతం చెప్పేవారు. ఆయన సుఖంగానే ఉన్నారు. బట్ట మార్చుకోడానికి తెల్లవారుజామున నాలుగింటికి లేచింది మా అత్తగారూ నేనూను.

ఇక మరుగుదొడ్డి. ఉంది, లేకపోలేదు. మూడడుగుల అర లాంటి గది. నిద్రపోతున్న అల్లుడి తలకు రెండడుగుల దూరం, మధ్యన పలచటి తలుపు. మీకు విడమరిచి చెప్పాలా? ప్రయాణమంటే మధ్యాహ్నం నుంచే మంచినీళ్ళు మానేసే విద్య మనకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. బస్సుల్లో, పెళ్ళి విడిదిళ్ళలో, పరాయి ఇళ్ళలో అలాగే గడిపాం. నేనూ సాయంత్రం నాలుగు నుంచీ టీ వద్దన్నాను, మజ్జిగ వద్దన్నాను. తలనొప్పి వచ్చింది. సముద్రపు గాలి పడలేదని చెప్పాను.

రెండో రోజు రాత్రి పది గంటలకు అల్లుడు జాకెట్టు తొడుక్కుని, "పద, చుక్కలు బాగా కనపడుతున్నాయి, అలా నడిచొద్దాం" అని అమ్మాయిని తీసుకుని బయటికి వెళ్ళాడు. పిల్ల అప్పటికే నిద్రపోయింది. అరగంట దాకా రాలేదు. తెల్లారి ఆరింటికి మళ్ళీ ఇద్దరూ నడకకు వెళ్ళారు. మూడో రోజూ అంతే. ఆకాశం మబ్బు పట్టి ఒక్క చుక్కా కనపడని రాత్రి కూడా, "చుక్కలు చూసొస్తాం" అనే వెళ్ళారు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ రాత్రి రెండు గ్లాసుల మజ్జిగ తాగాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ మరుగుదొడ్డి క్రింద పెట్టెలాంటి తొట్టి ఒకటుంటుంది. దాన్ని రోజూ ఊడదీసి, ఆ విడిదిలో దానికోసం కట్టిన చోట ఒంపి కడిగి తేవాలి. ఆ దేశంలో దానికి పనివాళ్ళుండరు. ఎవరి బండిది వాళ్ళే. మొదటి రోజు పొద్దున అల్లుడు అది పట్టుకుని వెళుతుంటే నాకు ప్రాణం చచ్చిపోయింది. "అయ్యో, నువ్వెందుకు బాబూ, నేను తెస్తాను" అన్నాను. "ఇది నా డ్యూటీ అండీ. మీరు టీ పెట్టండి" అని, పాల క్యాను పట్టుకు వెళ్ళినంత మామూలుగా వెళ్ళాడు. ఎదురొచ్చిన పెద్దమనుషుల చేతుల్లోనూ అవే పెట్టెలు. ఒకరికొకరు గుడ్ మార్నింగ్ చెప్పుకున్నారు. మన దగ్గర మన మురికి ఎవరి నెత్తి మీదుగా పోయిందో ఆలోచించకుండా ఎన్ని తరాలు గడిచాయి! చిన్న బండి నేర్పినా పెద్ద బండి నేర్పినా, ఈ పాఠం మాత్రం రెండింట్లోనూ ఒకటే.

రెడింగ్ తిరిగొచ్చాక పక్కింటావిడతో ఈ సంగతులు చెప్పుకున్నాను. మాజీ స్కూలు టీచరు, డెబ్బై దాటింది. నా ఇంగ్లీషు, ఆవిడ ఓపిక, రెండూ కలిసి సంభాషణ నడిచేది. ఆవిడా భర్తా పెద్ద కోచ్‌బిల్ట్‌లో ఇరవై ఏళ్ళు తిరిగారట. పాత లైసెన్సు గనక ఆవిడకు బరువైన బండ్లు నడిపే హక్కుండేది. డెబ్బై వచ్చాక ఆ హక్కు నిలుపుకోవాలంటే డాక్టరు పరీక్ష కావాలి. అప్పటికి భర్త పోయాడు. ఆ బండీ పైకప్పు అతుకుల్లోంచి నీళ్ళు దిగి, లోపలి చెక్క మెత్తబడిందట. పైకి ఏమీ తెలియలేదు. ఏడాదికోసారి చెమ్మ పరీక్ష చేయించాలి, రెండేళ్ళు చేయించలేదు. అది అమ్మేసి చిన్న వ్యాను కొంది. "వ్యానుకి తుప్పు పడుతుంది, కాని కంటికి కనపడుతుంది. చెమ్మ కనపడదు" అంది. బండి గురించే చెప్పిందావిడ. నేను మాత్రం, "నాకేం ఫరవాలేదు" అని నవ్వుతూ తిరిగిన నా ముఖం గురించి విన్నాను.

కూతురింటికి వెళ్ళినప్పుడు ఆవిడ ఇంటిముందు వ్యాను ఆపుకుని అందులోనే పడుకుంటుందట. వాళ్ళకు గది లేక కాదు. "నా మంచం నేనే తీసుకెళతాను. వాళ్ళు నన్ను చూసి సంతోషిస్తారు, నేనూ సంతోషంగా వచ్చేస్తాను" అంది. నాకు మొదట జాలేసింది. ఆ తర్వాత కాస్త అసూయ కూడా కలిగింది. ఇప్పటికీ ఆ రెండింట్లో ఏది న్యాయమో తేల్చుకోలేదు.

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పాలి. గుంటూరు బ్రాడీపేటలో మాది మేడ ఇల్లు. పైన ఒక గది అమ్మాయిది. దాని పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆ గదిలో దాని బల్ల, పుస్తకాలు, గోడకు చదువుకునే రోజుల క్యాలెండరు, అలాగే ఉన్నాయి. ప్రతి శుక్రవారం మెట్లెక్కి ఊడ్చి, దుప్పటి దులిపి, కిటికీ తెరిచి, మళ్ళీ మూసి వస్తాను. మా వారు పోయాక మోకాళ్ళ నొప్పితో కూడా మానలేదు. అమ్మాయి రెండేళ్ళకోసారి వస్తుంది. వచ్చినా క్రింద నా పక్కనే పడుకుంటుంది, పైన ఎ.సి. లేదని. అంటే, ఆ గది ఎవరికోసం? నా కోసం మా అమ్మాయి తీసుకుంటానన్న జానెడు వెడల్పూ అటువంటిదే కదా! రాని మనిషి కోసం ఉంచిన చోటు ప్రేమే, కాదనను. కాని, "చూశావా, నీకోసం ఉంచాను" అని ఒక బరువు కూడా అందులో ఉంది. ఆ బరువు ఏ కాగితంలోనూ రాయరు.

మా చిన్నప్పుడు నరసరావుపేట దగ్గర అమ్మమ్మగారి ఊరునుంచి శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు గూడుబండిలో వెళ్ళేవాళ్ళం. వరిగడ్డి పరిచి, మీద బొంత వేసి, ఎక్కేవాళ్ళం ఎక్కగా దారిలో నడిచి వచ్చే ముసలమ్మ ఎవరైనా కనపడితే అమ్మమ్మ బండి ఆపించేది. లోపల చోటు ఉండేది కాదు. ఎవరికోసమూ ఖాళీగా ఉంచిన చోటు అసలే లేదు. "కాస్త జరగండర్రా" అనేది. అందరం జరిగేవాళ్ళం. చోటు పుట్టేది.

అన్నిటికీ సమాధానం ఆ మాటలో ఉందని చాలా రోజులు సంతోషించాను. చోటు ఉంచేది కాదు, జరిగితే వచ్చేది అని. కాని ఒక చిక్కుంది. ఆ బండిలో జరిగింది ఎవరు? ఆడవాళ్ళూ పిల్లలూ. బండి తోలే మామయ్య నొగల మీద కూచున్న చోటునుంచి అంగుళం జరిగిన గుర్తు లేదు. లోకంలో "కాస్త జరుగు" అన్న మాట ఎప్పుడూ ఒకళ్ళకే వినపడితే, దానికి పొదుపు అనీ నిరాడంబరత అనీ పేర్లు పెట్టడం అన్యాయం. నా మటుకు నాకు తోచిన ధర్మం ఇంతే. నా చోటు నేను తగ్గించుకోవచ్చు. ఎదుటివాళ్ళ చోటు తగ్గించి, అది నా గొప్ప గుణం అనుకోకూడదు. ఇరుకు ఎంచుకున్నవాడే ముందు జరగాలి. మబ్బు పట్టిన రాత్రి చుక్కలు చూడటానికి వెళ్ళగలిగితే, అతనికి చిన్న బండి కోరుకునే హక్కుంది.

అమ్మాయితో అదే చెప్పాను. "నాకోసం పెద్దది కొనకు. నీకు పెద్దది కావాలనుంటే మాత్రం, అమ్మ పేరు చెప్పకుండా నాకే కావాలి అని అడుగు." అది చాలాసేపు ఆలోచించింది. "వానొస్తే నాకు తలుపున్న మూల ఒకటి కావాలమ్మా, నీకోసం కాదు, నాకే" అంది నెమ్మదిగా. మొదటిసారి నిజం బయటికొచ్చింది. ఆ మాట అల్లుడితో అంది. రోజూ రాత్రి పడక పరిచేది ఎవరన్న ప్రశ్న కూడా వేసింది. వాళ్ళిద్దరూ మళ్ళీ కాగితం, పెన్సిలు పట్టుకుని కూచున్నారు. ఈసారి గొంతులు పెరగలేదు. చివరికి వ్యానే కొన్నారు. కాస్త పొడవుది, 6.36 మీటర్లది, మధ్యన జరిపే తలుపు పెట్టించి. పడక పరిచే పని అల్లుడిది. వాన రోజున తలుపు మూసుకునే హక్కు అమ్మాయిది.

నేను గుంటూరు వచ్చేశాను. వచ్చిన నెలకు పైగది మెడికల్ కాలేజీలో చదివే ఇద్దరు ఆడపిల్లలకు అద్దెకిచ్చాను. అమ్మాయి పుస్తకాలు రెండు పెట్టెల్లో సర్ది క్రిందికి దించాను. ఆదివారం ఫోనులో ఆ మాట చెబితే అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"నా గది ఇచ్చేశావా అమ్మా?" అంది. గొంతు మారింది. ఆ రాత్రి రెడింగ్‌లో పలచటి గోడ ఇవతల పడుకుని నేను పడ్డ బాధ ఏమిటో, దానికి అప్పుడు తెలిసి ఉంటుంది. "మరి నేనొస్తే?"

"రా తల్లీ," అన్నాను. "జరుగుతాను."